బుల్లితెర దర్పణంలో మనం

నాటకం సమాజానికి దర్పణం అని పెద్దలంటారు. ఏ వ్యాసరచన పోటీలో చూసినా మొదటి వాక్యం ఇదే. భౌతికశాస్త్రం చదువుతున్నదాన్ని గనుక ఈ మాట వినగానే నాకొక ప్రశ్న పుడుతుంది: ఏ దర్పణం? సమతల దర్పణంలో వస్తువు ఎంత ఉందో ప్రతిబింబమూ అంతే ఉంటుంది. కుంభాకార దర్పణంలో చిన్నదవుతుంది. పుటాకార దర్పణం ముందు మనం నిలబడిన చోటునుబట్టి పెద్దవాళ్ళమూ కావచ్చు, తలకిందులూ కావచ్చు. అసలు అద్దానికి పక్కగా ఉన్నవాడి ప్రతిబింబం అతనికి కనబడనే కనబడదు.

ఈనాడు మన ఇళ్ళల్లో నాటకమంటే టీవీ సీరియలే. సాయంత్రం ఆరు దాటితే పది గంటల వరకూ అదే. కాబట్టి ఆ అద్దంలో ఎవరు పెద్దగా కనిపిస్తున్నారు, ఎవరు తలకిందులుగా కనిపిస్తున్నారు, ఎవరు అసలు కనబడటం లేదు అన్న సంగతి నాకు తెలిసినంతలో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం. సీరియళ్ళు చూసేవాళ్ళను తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో అందరం చూస్తాం, నేనూ చూస్తాను.

టీవీ మొదట ఎవరి కోసం వచ్చింది?

ఈ తరం వాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది గాని, మన పల్లెలకు టీవీ మొదట రైతు కోసమే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు మన దేశం ఒక పెద్ద ప్రయోగం చేసింది. దాని పేరు 'సైట్'. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లల చదువు, వీటి గురించే ఎక్కువ. ఊరికొక టీవీ పెట్టి, అందరూ దాని ముందు కూర్చుని చూసేవారు.

తరువాత 1984 జులై 7న దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైంది. మన దేశంలో మొదటి ధారావాహిక నాటకం అదే. మనోహర్ శ్యామ్ జోషి రాశారు. దాని వెనుక మెక్సికో దేశపు మిగుయెల్ సబిదో పద్ధతి ఉంది. ఆయన 1975లో వయోజన విద్య మీద ఒక సీరియల్ తీసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన సూత్రం తేలికైనదే. కథలో మూడు రకాల పాత్రలుండాలి: మంచి దారిలో నడిచేవాడు, చెడ్డ దారిలో నడిచేవాడు, రెండింటి మధ్యా ఊగిసలాడేవాడు. చూసేవాళ్ళు ఆ మూడోవాడిలో తమను చూసుకుంటారు. 'హమ్ లోగ్'లో ఉన్నది డబ్బున్న కుటుంబం కాదు. తాగుబోతు తండ్రి, చాకిరీ చేసే తల్లి, పెళ్ళి కావలసిన కూతుళ్ళు, ఉద్యోగం లేని కొడుకు. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులతో నాలుగు మాటలు చెప్పేవారు.

1995లో తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చాయి. అక్కడినుంచి వారానికొక భాగం పోయి రోజుకొక భాగం అయింది. రైతుకు మాత్రం తెల్లవారుజామున 'అన్నదాత' వంటి కార్యక్రమం మిగిలింది. సాయంత్రపు కథల్లోంచి రైతు మెల్లగా తప్పుకున్నాడు.

కొలవటానికి ఒక గజం

'మమ్మల్ని సరిగా చూపించటం లేదు' అని అందరూ అంటారు. దాన్ని కొలవటం ఎలా? 1969లో సెడ్రిక్ క్లార్క్ అనే పరిశోధకుడు అమెరికా టీవీలో నల్లజాతివారి పాత్రలను పరిశీలించి నాలుగు మెట్లు చెప్పాడు. మొదటి మెట్టు, గుర్తించకపోవటం: ఆ వర్గం వాళ్ళు తెర మీద అసలు ఉండరు. రెండవది, ఎగతాళి: ఉంటారు గాని నవ్వించటానికి. మూడవది, అదుపు: పోలీసుగానో, విశ్వాసపాత్రుడైన సేవకుడిగానో, ఉన్న పద్ధతిని కాపాడే మంచివాళ్ళుగా మాత్రమే ఉంటారు. నాలుగవది, గౌరవం: అందరిలాగే మంచీ చెడూ, ప్రేమా కోపమూ, తెలివీ తప్పులూ అన్నీ ఉన్న మనుషులుగా ఉంటారు.

1976లో జార్జ్ గెర్బ్‌నర్, లారీ గ్రాస్ అనే ఇద్దరు ఇంకో మాట చేర్చారు. కథల ప్రపంచంలో కనబడటమంటే సమాజంలో ఉన్నట్టు లెక్క, కనబడకపోవటం మనిషిని గుర్తుల లోకంలోంచి చెరిపేయటం వంటిది అని వారి భావం. ఈ గజం పట్టుకుని మన సీరియళ్ళను కొలిచి చూద్దాం.

మాట, యాస

మన కాలేజీలో ఇంటర్వ్యూలకు తయారయ్యేటప్పుడు మొదట దాచుకునేది యాసే. 'వస్తున్నాను' అనాలి, 'వత్తన్నాను' అనకూడదు. ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? పాఠ్యపుస్తకాలనుంచి కొంత, తెరనుంచి కొంత. సీరియల్లో ఆస్తిపరులు, డాక్టర్లు, ఆఫీసర్లు ఒక రకం తెలుగు మాట్లాడతారు. 'ఆయ్', 'ఏటండీ' అనే గోదావరి మాట వంటవాడికో, హాస్యానికి పెట్టిన బావగారికో వస్తుంది. ఇది క్లార్క్ చెప్పిన రెండవ మెట్టు.

మనది చిన్న బాధ. తెలంగాణ వారి బాధ ఇంతకంటే పెద్దది. ఎన్నో ఏళ్ళు సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకీ పనివాడికీ కేటాయించారన్న ఫిర్యాదు ఆ ప్రాంతపు ఉద్యమంలో గట్టిగా వినిపించింది. 2014లో రాష్ట్రం ఏర్పడింది. వి6 చానెల్ 'తీన్మార్' వార్తల్లో తెలంగాణ మాటలోనే వార్తలు చెబితే జనం విరగబడి చూశారు. 2017లో 'ఫిదా', 2023లో 'బలగం' సినిమాల్లో ముఖ్యపాత్రలు ఆ మాటే మాట్లాడాయి. అంటే మాట ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకు ఎక్కగలదన్నమాట. రాయలసీమది మరో కథ. 1999లో 'సమరసింహారెడ్డి' విజయం తరువాత కత్తులు, సుమోలే సీమ అన్నంతగా సినిమాలు వచ్చాయి. నీళ్ళకోసం బోర్లు వేసి అప్పులపాలైన సీమ రైతు ఆ దుమ్ములో కనిపించలేదు.

భాషాశాస్త్రం ఏం చెబుతుందో కూడా చూడాలి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి 'మాండలిక వృత్తి పదకోశం' వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. ఆయన ఊరూరా పదాలు సేకరింపజేసి తెలుగును నాలుగు మండలాలుగా విభజించి చూపించారు. నాగలి భాగాలకూ, వరి కోత పనులకూ ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరు. ఏ పేరూ తప్పు కాదు. తప్పూ ఒప్పూ అనే తేడా వాడేవాళ్ళ హోదానుబట్టి మనం పెట్టుకున్నదే.

పని, పొలం

మాది కడియం. నాన్నగారు కాలవ కింద వరి పండిస్తారు, కొంత సొంతం, కొంత కౌలు. అన్నయ్య ఒక చెక్కలో నర్సరీ పెట్టాడు. మా కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టుపక్కల నర్సరీల సంగతి ఇక్కడి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. దేశంలోని ఎన్నో రాష్ట్రాలకు ఇక్కడినుంచి మొక్కలు వెళతాయి. 1852లో పూర్తయిన కాటన్ దొరగారి ధవళేశ్వరం ఆనకట్ట నీరు, లంకమట్టి, పక్కనే జాతీయ రహదారి, ఇవన్నీ కలిసొచ్చాయి. వీటన్నిటికంటే ముఖ్యం చేతి నైపుణ్యం. వేరు గట్టిగా ఉన్న మొక్కకు మేలురకం కొమ్మను చెక్కి, లోపలి పచ్చపొర పచ్చపొరకు ఆనేలా కట్టకపోతే అంటు అతకదు. మేము వృక్షశాస్త్రం ల్యాబులో చేసిన దానికంటే మా నర్సరీలో పనిచేసే ఆడవాళ్ళు చక్కగా చేస్తారు.

సినిమా వాళ్ళకు, టీవీ వాళ్ళకు మా ఊరు కొత్త కాదు. పూలమడుల మధ్య పాటలు తీస్తారు. కొబ్బరిచెట్లు, పడవ, కాలవగట్టు, పంచెకట్టు పెద్దాయన, ఇదీ తెర మీది గోదావరి. ఆ ఫ్రేములో కవర్లకు మట్టి నింపే ఆడమనిషి ఉండదు. లారీకి మొక్కలెత్తే కూలీ ఉండడు. కనిపించే రైతు రెండు రకాలు: వందెకరాల జమీందారు, లేదా అప్పుల్లో మునిగి ఏడ్చే నిరుపేద. రెండింటి మధ్యలో ఉండే కౌలురైతు, ఎరువు బిల్లూ ధాన్యం ధరా లెక్కవేసుకుంటూ పిల్లల్ని డిగ్రీ చదివించేవాడు, మొదటి మెట్టు దగ్గరే ఉన్నాడు. కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లో చట్టమే వచ్చింది. చట్టం గుర్తించింది, సీరియల్ ఇంకా గుర్తించలేదు.

మా నర్సరీలో పనికొచ్చే ఒకావిడ మధ్యాహ్నం అన్నాలప్పుడు సీరియల్ కథ చెబుతూ, 'ఆళ్ళింట్లో ఎవరూ పనికెళ్ళరేటండీ అమ్మాయిగారూ, పొద్దత్తమానం హాల్లోనే నిలబడతారు' అంది. మేమంతా నవ్వాం. కాని ఇంతకంటే సూటి విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

పేర్లలో ఇంకో సంగతి గమనించండి. ఇంటి పెద్దలకు కులం తెలిపే బిరుదులుంటాయి. 2008నుంచి 2013 వరకు నడిచిన 'మొగలిరేకులు'లో అందరికీ గుర్తున్న కథానాయకుడు ఆర్.కె. నాయుడు. రెడ్డిగారు, చౌదరిగారు, వర్మగారు కూడా తరచుగా కనిపిస్తారు. పనివాళ్ళకు ఉత్త పేరే, ఇంటిపేరుండదు, ఇల్లూ ఉండదు. దళితవాడలో ఒక ఇల్లు, అందులో ఒక కుటుంబం, ఆ కుటుంబంలో సరదాలూ తగాదాలూ రోజూ అరగంట చూపించిన తెలుగు సీరియల్ నేను చూడలేదు. విశ్వాసం గల పనివాడు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. అది మూడవ మెట్టు.

ముస్లిం పాత్రల సంగతీ అంతే. జెమినిలో వచ్చిన 'చక్రవాకం'లో ఇక్బాల్ పాత్రను ఇప్పటికీ జనం చెప్పుకుంటారంటే, అటువంటివి ఎంత అరుదో తెలుస్తుంది. ఇక మగవాళ్ళకు చీరకట్టి నవ్వించే స్కిట్లు 2013లో మొదలైన 'జబర్దస్త్'తో ఇంటింటికీ వచ్చాయి. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ జెండర్‌గా గుర్తించి హక్కులు చెప్పింది. తెర మీద మాత్రం వారి నడక, వారి చప్పట్లు ఇంకా నవ్వుకే వాడుతున్నారు.

రంగు

ఒక మంచి ఉదాహరణ కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. 'కార్తీకదీపం' 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. నల్లగా పుట్టినందుకు మాటలు పడ్డ దీప, వంటపని చేసుకుని బతుకుతూ తలెత్తుకు నిలబడుతుంది. 'వంటలక్క' అనే పిలుపు ప్రతి ఇంట్లోనూ చేరింది. నల్లపిల్ల అని పెళ్ళిచూపుల్లో తలొంచుకునే అమ్మాయిలకు, ముఖ్యపాత్ర నల్లగా ఉండటం చిన్న విషయం కాదు. రోజుకూలి చేసుకునే ఆడవాళ్ళు ఆమెను తమ మనిషి అనుకున్నారు.

కాని అద్దాన్ని ఇంకొంచెం దగ్గరగా చూడాలి. ఆ కథ మలయాళంలోని 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. రెండింటిలోనూ నటించినది ప్రేమీ విశ్వనాథ్ గారే. ఆమె సహజంగా అంత నల్లగా ఉండరు, మేకప్‌తో రంగు తగ్గించారు. ఆమె నటన గొప్పదే. అయినా నల్లపిల్ల కథలో కూడా నల్లపిల్లకు వేషం దొరకలేదన్న మాట మిగిలిపోతుంది. కాబట్టి దీప పాత్రకు నాలుగవ మెట్టు, పాత్రల ఎంపికకు మొదటి మెట్టు అని నేను మార్కులు వేస్తాను.

ఎందుకిలా?

ఇదంతా ఎవరో పనిగట్టుకుని చేస్తున్న కుట్ర అనుకోవటానికి లేదు. కారణాలు చాలావరకు లెక్కల్లో ఉన్నాయి. రోజుకొక భాగం ఇవ్వాలంటే హైదరాబాదులో ఒకే ఇంటి సెట్టులో షూటింగు జరగాలి. పొలానికి వెళితే ఎండ, వాన, జనం, ఖర్చు. హాలు, మెట్లు, వంటగది ఉంటే ఆరునెలల కథ అక్కడే తిరుగుతుంది. అంత పెద్ద హాలు ఉండాలంటే ఇంటివాళ్ళు ధనవంతులే కావాలి. అంటే సెట్టే పాత్రల వర్గాన్ని నిర్ణయిస్తోంది!

రెండవది, చాలా కథలు వేరే భాషలనుంచి వస్తాయి. బెంగాలీ 'శ్రీమొయీ' మన 'ఇంటింటి గృహలక్ష్మి' అయింది. తమిళ 'పాండియన్ స్టోర్స్' మన 'వదినమ్మ' అయింది. ఏ ఊరికైనా సరిపోయే కథ కావాలంటే ఊరి గుర్తులన్నీ చెరిపేయాలి. మూడవది గొంతు. చాలామంది ముఖ్యనటులు కర్ణాటక, కేరళలనుంచి వస్తారు. వారికి డబ్బింగు కళాకారులు గొంతిస్తారు. డబ్బింగు అనగానే మచ్చలేని 'ప్రామాణిక' తెలుగు వస్తుంది, యాస బయటే ఆగిపోతుంది. నాలుగవది రేటింగు. 2015నుంచి బార్క్ సంస్థ నమూనా ఇళ్ళలో మీటర్లు పెట్టి చూస్తోంది. ఆ అంకెనుబట్టే ప్రకటనలు. ఒక పద్ధతి ఆడితే అందరూ దాన్నే పట్టుకుంటారు.

దీనివల్ల ఏమవుతుంది?

కథలే కదా అని కొట్టిపారేయటానికి లేదు. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2001నుంచి 2003 వరకు బీహారు, గోవా, హర్యానా, తమిళనాడు వంటి చోట్ల సేకరించిన సమాచారం ఆధారంగా 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. కేబుల్ టీవీ వచ్చిన గ్రామాల్లో భర్త కొట్టటం తప్పుకాదనే స్త్రీలు తగ్గారు, మగపిల్లాడే కావాలనే కోరిక తగ్గింది. బ్రెజిల్‌లో సీరియళ్ళ ప్రసారం అందిన ప్రాంతాల్లో కాన్పులు తగ్గాయని 2012లో ఇంకో పరిశోధన తేల్చింది. ఎందుకంటే అక్కడి కథానాయికల్లో ఎక్కువమందికి పిల్లలు లేకపోవటమో, ఒక్కరే ఉండటమో జరిగేది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. రోజూ చూసిన ఇల్లు, చూసినవాళ్ళకు మామూలు ఇల్లు అయిపోయింది. కాబట్టి తెరకు మంచి చేసే శక్తీ ఉంది.

అదే శక్తి రెండోవైపూ పనిచేస్తుందని నా అనుమానం. మా అన్నయ్య డిగ్రీ చదివి, ఇష్టపడి నర్సరీ చేస్తున్నాడు. పనివాళ్ళకు కూలి ఇచ్చి, లారీ కిరాయి కట్టి, ఉద్యోగస్తుడికి తీసిపోని సంపాదన తెస్తున్నాడు. అయినా గత రెండేళ్ళలో వచ్చిన రెండు సంబంధాలు 'కుర్రాడు ఏ కంపెనీలో?' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. ఆదాయం ఎంత అని కూడా అడగలేదు. మా అమ్మ నాలుగు రోజులు సరిగా భోంచేయలేదు. దీనికంతటికీ సీరియళ్ళే కారణమని నేను అనను. తుఫాను వస్తే పంట పోతుంది, ధర పడితే అప్పవుతుంది, రైతు ఇంట కోడలికి చాకిరీ ఎక్కువ, ఆడపిల్ల తల్లిదండ్రుల భయంలో నిజముంది. నేనూ ఆడపిల్లనే, నాకూ తెలుసు. కాని వరుడంటే సూటు వేసుకుని కంపెనీ నడిపేవాడే అని రోజుకు నాలుగు గంటలు చూసిన కళ్ళకు, మట్టిచేతులతో లెక్కలు రాసుకునేవాడు వరుడిగా ఆనటం కష్టం. అతను తెర మీద ఒక్కసారైనా పెళ్ళికొడుకుగా కనబడి ఉంటే, ఆ రెండిళ్ళవాళ్ళు కనీసం ఆదాయం ఎంత అని అడిగేవారేమో!

మనం చేయగలిగింది

సీరియల్ మానేయమని చెబితే ఎవరూ వినరు, వినక్కరలేదు కూడా. సైన్సు విద్యార్థులం గనుక ముందు కొలుద్దాం. మన యూనియన్ తరఫున ఒక పది మంది విద్యార్థులు ఒక వారంపాటు తలా ఒక సీరియల్ తీసుకుని పట్టిక రాయవచ్చు. ప్రతి పాత్రకూ అయిదు గళ్ళు చాలు. ఏం పని చేస్తుంది, ఆ పని మనకు కనబడిందా? ఏ ప్రాంతపు మాట మాట్లాడింది? పేరుతోపాటు ఇంటిపేరు ఉందా, సొంత ఇల్లు చూపించారా? ఆ పాత్ర నవ్విస్తోందా, లేక ఆ పాత్రను చూసి నవ్వుతున్నామా? చివరగా, క్లార్క్ మెట్లలో దేనిమీద ఉంది? ఇద్దరు విడివిడిగా ఒకే భాగాన్ని రాసి పోల్చుకుంటే తప్పులు కూడా తేలతాయి.

తెలుగు శాఖ మిత్రులు ఇంకో పని చేయవచ్చు. కృష్ణమూర్తిగారి పదకోశం దగ్గర పెట్టుకుని మన ఊళ్ళలో నర్సరీ పనివాళ్ళు వాడే మాటలు సేకరించవచ్చు. ఆ పనులు 1962 నాటికి ఇంతగా పెరగలేదు, ఆ మాటలు ఇంకా ఎక్కడా ఎక్కి ఉండకపోవచ్చు. కథ రాసే అలవాటున్నవాళ్ళు వాటితో ఒక నాటిక రాస్తే మన వార్షికోత్సవంలోనే ఆడుకోవచ్చు. హాలు సెట్టు అక్కరలేదు, నాలుగు మొక్కల కవర్లు చాలు. అవి నేను మా నర్సరీనుంచి తెస్తాను.

పట్టిక పని మాత్రం ఈ సెలవుల్లోనే మొదలుపెడదామని నా మనవి. కలిసొచ్చే మిత్రులు బి.ఎస్సీ. తరగతి గదిలో నన్ను కలవండి. లెక్క తేలిన తరువాత నా అనుమానాలు తప్పని రుజువైతే మరీ సంతోషం. ఏ సంగతీ వచ్చే ఏటి సంచికలో అంకెలతో సహా అచ్చవుతుందని ఆశిస్తున్నాను.